పెద్దాయన హస్తవాసి

ఐదు సీసాల్లో చెరువు నీళ్లు పోసి, ఒక్కో దాంట్లో పదేసి పేలు వదిలి, వంటింటి కిటికీలో వరసగా పెట్టి కోడలు చేతులు కడుక్కున్న దగ్గర పోయిన వారం మనం ఆగాం. మొదటి సీసాలో మందు లేదు. రెండో దాంట్లో సగం మోతాదు, మూడో దాంట్లో పూర్తి మోతాదు, నాలుగో దాంట్లో రెట్టింపు. ఐదో దాంట్లోనూ రెట్టింపే, కాకపోతే అందులో పేలతో పాటు వేలెడంత చేపపిల్ల కూడా ఉంది. తెల్లారేసరికి జవాబు వస్తుందని ఆమె అంది. తెల్లారింది.

మరిచిపోయినవాళ్ల కోసం ఇంకొక్క మాట. పదకొండు చెరువుల్లోనూ చేపలకు పేను పట్టింది. నువ్వుగింజంత పురుగు. చేప ఒంటికి అతుక్కుని రక్తం పీలుస్తుంది. దురద తట్టుకోలేక చేపలు రాళ్లకూ గుంజలకూ ఒరుసుకుని ఒళ్లంతా పుండ్లు చేసుకుంటాయి. ఏటా వేసే మందు ఈ ఏడు పనిచేయలేదు. అందుకని రైతుల సంఘం కూర్చుని, బాగా ఆలోచించి, ఆ పనిచేయని మందునే రెట్టింపు వేద్దామని తీర్మానించింది. ఇవాళ పది గంటలకు ముహూర్తం. వేసేది మన పెద్దాయన, అంటే కోడలికి మామగారు. ఎవరి చెరువైనా సరే, మందు ఆయన చేత్తో పడాల్సిందే. ఆయన హస్తవాసి మంచిదని ఇరవై ఏళ్లుగా పేరు.

"ఏమ్మాయ్, నీ పేలు నిద్ర లేచాయా?" అంటూ అత్తగారు టీ గిన్నె దించింది. "నా తలలో పేలు చూశాను, మా అమ్మ పెంచిన కోళ్లకు పేలు చూశాను. కిటికీలో పక్కలేసి మరీ పేలను పడుకోబెట్టింది మాత్రం నువ్వొక్కదానివే."

కోడలు నవ్వలేదు. చేపల ల్యాబులో నాలుగేళ్లుగా పనిచేస్తోంది, ఇలాంటి పరీక్షలు వందల్లో చేసింది. అయినా ఇవాళ సీసాలను కదిలించకుండా ఒక్కోదాని దగ్గరికీ వంగి చూసింది. మందు లేని సీసాలోనూ, సగం మందు సీసాలోనూ పదేసి పేలూ ఈదుతున్నాయి. పూర్తి మందు సీసాలోనూ పదే. రెట్టింపు సీసాలో ఒకటి అడుగున కదలకుండా పడి ఉంది. వేలితో సీసాను తట్టింది. అది కూడా కాళ్లాడించి పైకి లేచింది.

ఐదో సీసాలో చేపపిల్ల వెల్లకిలా తేలుతోంది. దాని తెల్లటి పొట్ట మీద రెండు పేలు తాపీగా నడుస్తున్నాయి.

అత్తగారు కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి తనూ వంగి చూసింది. ఆవిడ ముఖంలో వేళాకోళం పోయింది.

"మందుకు చేప పోయి పేను మిగలడమేమిటమ్మా?"

"అదే అత్తయ్యా. పదింటికి పదకొండు చెరువుల్లోనూ జరగబోయేది ఇదే."

అత్తగారు టీ వడగట్టి కోడలి చేతిలో పెట్టింది. "మీ మామయ్య మందుల గదిలో ఉన్నారు. వెళ్లి చెప్పు. కానీ నలుగురిలో చెప్పకు తల్లీ. ఆ గదిలోనే చెప్పు. ఆయన్ని నలుగురిలో ఎవరూ కాదని ఎరగరు."

ఈ మాట చెప్పాల్సిన కొడుకు అప్పటికే చెరువు నీళ్లకు గాలి కొట్టే ఏరేటర్ రిపేరని చెప్పి పొద్దున్నే జారుకున్నాడు. "నీ మాటైతే నాన్న వింటారు" అని భార్య భుజం తట్టి మరీ వెళ్లాడు. తండ్రి ముందు నోరు పెగలని మగవాళ్లు భార్యలకు ఇచ్చే కితాబు ఇది, దీన్ని నమ్మి మోసపోయిన కోడళ్లు లెక్కలేనంత మంది.

మందుల గది గట్టు మీదే ఉంది. రేకుల కప్పు, ఒక కిటికీ, మూలన సున్నం బస్తాలు. అరల నిండా సీసాలు, కొక్కేనికి రబ్బరు తొడుగులు. ముక్కులో గుచ్చుకునే ఘాటు ఎప్పుడూ ఉంటుంది. మధ్యలో బల్ల, బల్ల మీద పాత స్టీలు గ్లాసు. ఆ గ్లాసుకు నడిమధ్యన మేకుతో గీసిన గీత ఉంది. సీసా మీది కాగితం ఎకరానికి ఒక గ్లాసు అంటుంది. పెద్దాయన మాత్రం గీత దాకానే పోస్తాడు. మిగతావాళ్లు గ్లాసు పోస్తే తగ్గే జబ్బు ఆయన సగం పోస్తే తగ్గేది, ఆయనకు ఆ పేరు అలా వచ్చిందే. చూసినవాళ్లు ఊరుకుంటారా? ఆయన రాలేని రోజుల కోసమని ఇప్పుడు చెరువుల మీద ప్రతి ఇంట్లోనూ మందు గ్లాసుకు ఒక గీత ఉంది.

పెద్దాయన రబ్బరు బూట్లు తొడుక్కుంటున్నాడు. కోడలు రెండు సీసాలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా ఇవి?"

"మన చెరువు పేలే మామయ్యా. రెండింట్లోనూ రెట్టింపు మందు ఉంది. పన్నెండు గంటలైంది."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. సీసా ఎత్తి వెలుతురులో చూశాడు. చేపపిల్లను చూశాక సీసాను నెమ్మదిగా కింద పెట్టాడు.

"నాకు ముందు నుంచీ ఇష్టం లేదమ్మా ఈ రెట్టింపు. విషం అది. సంఘం వాళ్లు వింటేగా! నేను వేయకపోతే ఎవరికి వాళ్లే బకెట్లతో గుమ్మరిస్తారు. నా చెయ్యైతే కాస్త తగ్గించి వేస్తుందని ఒప్పుకున్నాను."

"తగ్గించి వేయడం వల్లే ఇంతదాకా వచ్చింది మామయ్యా."

అనేసింది. రాత్రంతా మనసులో సర్దుకున్న మెత్తటి మాటలన్నీ ఎక్కడికో పోయి, ఈ ఒక్కటీ నోట్లోంచి ఊడిపడింది.

"అంటే?"

"సగం మందుకు నీరసంగా ఉన్న పేలు చచ్చాయి. తట్టుకున్నవి మిగిలాయి. మిగిలినవే గుడ్లు పెట్టాయి. మళ్లీ ఏడాది మళ్లీ సగం. మళ్లీ గట్టివే మిగిలాయి. ఇన్నేళ్లలో మన చెరువుల్లో ఇక వేరే రకం లేకుండా పోయింది."

"మరి ఇన్నేళ్లూ జబ్బు ఎలా తగ్గింది? ఊరికే తగ్గిందా? జనం ఊరికే పిలిచారా నన్ను?" పెద్దాయన గొంతు పెరిగింది. ఆయన గొంతు పెంచడం ఆమె ఈ ఇంటికొచ్చాక వినలేదు. "నువ్వు నాలుగేళ్లు సీసాల్లో చూశావు. నేను ఇరవై ఏళ్లు నీళ్లలో నిలబడ్డాను. ఏం చేయమంటావు మరి, మీ నాన్నగారిలా చెరువులో పలకలు వేలాడదీసుకుని కూర్చోమంటావా?"

ఆ మాట ఆమెకు తగిలింది. ఆమె నాన్న రిటైరైన బడిపంతులు. ఈ పదకొండింటిలో చేరని తన ఒక్క చెరువులో మందు వేయనని పట్టుబట్టి, చెక్క పలకలు తాళ్లతో నీళ్లలోకి వేలాడదీస్తాడు. పేలు గట్టిగా ఉన్న చోటే గుడ్లు పెడతాయి కాబట్టి పలకల మీద పెడతాయి. వారానికోసారి వాటిని పైకి లాగి, ఎండలో ఆరబెట్టి, గుడ్లు గీకి పారేస్తాడు. చాకిరీ తప్ప ఖర్చు లేని పద్ధతి. చేపలకు అ ఆలు నేర్పుతున్నాడని అందరూ నవ్వుతారు. పలకల మాస్టారని పేరు కూడా పెట్టారు. ఆ పేరు పిలిచినప్పుడల్లా కూతురికి ఒళ్లు మండుతుంది.

"నవ్వండి మామయ్యా. మొన్న ఆదివారం ఆయన చెరువులో వల వేసి అరవై చేపలు చూశాను. ఒక్క పేను దొరకలేదు."

పెద్దాయన ఏదో అనబోయి ఆగాడు. ఆమె అది గమనించింది కానీ, తన మాట తగిలిందనుకుంది. ఆ ఊపులో ఇంకో అడుగు వేసింది.

"మీరు ఏటా తల్లి చేపల్ని ఎలా ఏరతారు?"

"అదెందుకు ఇప్పుడు?"

"చెప్పండి."

"బలంగా ఉన్నవాటిని, జబ్బు తట్టుకున్నవాటిని ఉంచుతాను. మిగతావి తీసేస్తాను. వాటి పిల్లలైతే గట్టిగా..." ఆయన మాట మధ్యలో తెగింది. బల్ల మీది గ్లాసు వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు.

"అంతే మామయ్యా. మీరు చేపల్ని ఏరారు. ఈ గీత పేలను ఏరింది."

పెద్దాయనకు ఇంకేమీ వివరించాల్సిన అవసరం రాలేదు. జీవితమంతా ఏరడమే పనిగా బతికిన మనిషి. స్టూలు లాక్కుని కూర్చున్నాడు, ఒక కాలికి బూటుంది, ఒక కాలికి లేదు. కోడలికి జాలేసింది. ఈయన చెడ్డవాడైతే ఎంత బాగుండేదో, ఈ పని ఎంత తేలికయ్యేదో అనిపించింది.

"మా తమ్ముడి సంగతి నీకు తెలీదు" అన్నాడు. "వాడికీ చెరువు ఉండేది. మన దాని పక్కనే. వాడి చేపలకు పేను పడితే నేనే వేశాను మందు, సీసా మీద రాసినట్టే, పూర్తి గ్లాసు లెక్కన. ఆ ఏడు నీళ్లు సగానికి దిగిపోయాయి, ఆ సంగతి లెక్కలోకి తీసుకోలేదు నేను. ఎప్పటి లోతే అనుకున్నాను. పొద్దున వెళ్లేసరికి చెరువు మీద నీళ్లు కనపడలేదమ్మా. చేపలే. వాడు ఒక్క మాట కూడా అనలేదు. ఆ చెరువు వదిలేసి బస్సు డ్రైవరుగా వెళ్లాడు. ఇరవై ఏళ్లయింది, నాతో మాట్లాడడు. ఆ రోజు సాయంత్రం ఈ గీత గీశాను. తర్వాత ఎంత ప్రయత్నించినా నా చెయ్యి ఆ గీత దాటదు."

కోడలు పక్కనే సున్నం బస్తా మీద కూర్చుంది. ఆయనది పిరికితనమని అనలేదు, జాలి అని కూడా అనలేకపోయింది. రెండూ నిజమే. కిటికీలోంచి చూస్తే గట్టు మీద జనం చేరుతున్నారు.

"రెట్టింపు వద్దని మీరొక్క మాట చెప్పండి మామయ్యా, చాలు. మిగతాది నేను చెప్తాను. గ్లాసు సంగతి ఎవరికీ తెలియక్కర్లేదు."

"ఎందుకు వద్దో చెప్పకపోతే ఆగుతారా? నాకు చాదస్తం వచ్చిందంటారు. నేను అటు తిరగ్గానే గుమ్మరిస్తారు." పెద్దాయన రెండో బూటు తొడుక్కోలేదు. తొడుక్కున్నది కూడా విప్పేశాడు. "పద. ఆ సీసాలు తీసుకో."

గట్టు మీద పాతిక మంది దాకా ఉన్నారు. మందు డబ్బాలు చిన్న గుట్టగా పేర్చి ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు మైకు లేకపోయినా మైకు ముందు నిలబడ్డట్టే మాట్లాడే మనిషి. పెద్దాయనను చూడగానే చప్పట్లు కొట్టించాడు. "రండి రండి, మీ చెయ్యి పడితే చాలు, పేనన్నది మళ్లీ కనపడదు!"

వెనక సైకిలు పట్టుకుని పలకల మాస్టారు నిలబడ్డాడు. కూతురిని చూసి కొద్దిగా తలాడించాడు.

పెద్దాయన చెప్పులు కూడా లేకుండా జనం మధ్యలోకి నడిచాడు. ఉపోద్ఘాతం లేదు. "ఈ మందు వేయొద్దు" అన్నాడు. "సగమూ వద్దు, రెట్టింపూ వద్దు. దీనికి పేను చావదు. చావకుండా చేసింది నేనే."

జనం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. పెద్దాయన తడబడుతూనే అంతా చెప్పాడు, గ్లాసు, గీత, తల్లి చేపల్ని ఏరడం, పేలను ఏరడం. తమ్ముడి సంగతి ఒక్కటే చెప్పలేదు. ఇదంతా విన్నవాళ్లు ఏం చేశారనుకుంటున్నారు? నవ్వారు.

"పెద్దాయన కోడలు చదువుకున్న పిల్ల, ఆవిడ మాట కాదనలేక తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు" అన్నాడు అధ్యక్షుడు అందరి వైపూ తిరిగి. "మీరు అట్లా అనకండి పెద్దాయనా. మీ హస్తవాసి మాకు తెలీదా?"

పెద్దాయన ముఖం ఎర్రబడింది. తప్పు ఒప్పుకుంటే తిడతారని సిద్ధపడి వచ్చాడు కానీ, నమ్మరని అనుకోలేదు. కోడలి చేతిలోంచి ఐదో సీసా లాక్కుని అధ్యక్షుడి ముఖానికి దగ్గరగా పట్టాడు. "చూడు. మూత తీసి చూడు. చేప చచ్చింది. పేను తిరుగుతోంది. ఇదే నా హస్తవాసి."

సీసా చేతులు మారింది. ఒక్కొక్కరూ చూసి పక్కవాళ్లకిచ్చారు. అది చివరిదాకా వెళ్లేసరికి గట్టు మీద నవ్వులు ఆగిపోయాయి. ఏడో చెరువు రైతు భార్య మాత్రం సీసా కిందపెట్టి నేరుగా పెద్దాయన ముందుకొచ్చింది.

"మా ఆయన మీ గ్లాసు చూసే మా గ్లాసుకూ గీత గీశాడు. పోయినసారి చేపల పుండ్లు చూసి ఏడుస్తుంటే, కంగారు పడకమ్మా, తగ్గుతుందిలే అని చెప్పి వెళ్లారు మీరు. ఇప్పుడు నన్నేం చేయమంటారు?"

పెద్దాయన తల వంచుకుని నిలబడ్డాడు. కోడలు ముందుకొచ్చింది.

"నేను చెప్తాను. దారి ఉంది. కష్టమే కానీ ఉంది" అంది. "పదకొండు చెరువులూ ఖాళీ చేయాలి. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి. సున్నం చల్లాలి. రాళ్ల మీదా గుంజల మీదా గుడ్లు మిగలకూడదు. అందరూ ఒకేసారి చేయాలి. ఒక్కరు మానేసినా లాభం లేదు. తర్వాత కొత్త నీళ్లు, కొత్త చేపపిల్లలు. చెరువుకు ఇరవై పలకలు."

"కొత్త పిల్లలు ఎక్కడివి? ఎక్కడ తెచ్చినా వాటితో పాటు ఈ పేనే వస్తుంది కదా?" అని ఎవరో అడిగారు.

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆమె ముఖం విప్పారింది. ఇన్నేళ్ల ఎగతాళికి ఇవాళ సమాధానం. "ఒక్క చెరువు నుంచి తెస్తే రాదు. ఒక్క చుక్క మందు ఎరగని చెరువు ఒకటుంది మనకు. అక్కడ పేను పడినా మామూలు పేనే, ఈ మొండి రకం కాదు. మొన్న నేనే వెతికాను, ఆ మామూలు పేను కూడా ఒక్కటి దొరకలేదు. మనందరికీ పిల్లలు అక్కణ్నుంచే."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. ఎవరూ అ ఆలని అనలేదు. ఏడో చెరువు ఆమె రెండు చేతులూ జోడించింది. "మాస్టారూ, మీరే దిక్కు" అంది.

మాస్టారు సైకిలు హ్యాండిల్ని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. నాన్నకు సంతోషంతో నోట మాట రావడం లేదని కూతురు అనుకుంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"బావగారూ" అన్నాడు పెద్దాయన. అందరికీ వినపడేలా అనలేదు కానీ, అందరికీ వినపడింది. "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

మాస్టారు తల ఎత్తలేదు.

"నేను ఇవాళ అబద్ధం మోయలేను బావగారూ. పిల్ల ఆ చెరువు మీద ఇంత కట్టుకుంది." పెద్దాయన కోడలి వైపు తిరిగాడు. "మొన్న నువ్వు వెతికితే పేను కనపడకపోవడానికి పలకలు కారణం కాదమ్మా. నా గ్లాసు. చేపలు ఒరుసుకుంటుంటే చూడలేకపోతున్నాను, ఎవరికీ చెప్పకుండా ఒక్కసారి మీ చెయ్యి పడనివ్వండని బావగారు అడిగితే నేనే వెళ్లాను. గీత దాకానే పోశాను. చావాల్సినవి చచ్చుంటాయి. మిగలాల్సినవి..."

మిగతాది ఆమె చెప్పాల్సిన పాఠమే. పొద్దున్న ఆ గదిలో తనే చెప్పింది. పలకలు ఎండబెడుతూ, అమ్మాయ్, మందు అలవాటు చేస్తే చెరువు మనది కాదే అని చిన్నప్పటి నుంచీ చెప్పిన మనిషి వైపు ఆమె చూసింది. పాతిక మంది పక్కకు తప్పుకుని దారి ఇచ్చినా ఆమె ఉన్న చోటి నుంచే అడిగింది.

"ఎన్నిసార్లు నాన్నా?"

మాస్టారు ఎప్పటికో తల ఎత్తాడు. లెక్క తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడి ముఖం అది. వేళ్లు నాలుగు చూపించి, మళ్లీ దించేసుకున్నాడు.

"నాలుగుసార్లే తల్లీ" అన్నాడు.